బొగ్గు రాజేయనిదే పొగ వంట రాదా?

పొగ వంట కొత్తగా మొదలుపెడదామనుకునే వాడి ముందు ఈమధ్య అందరూ ఒకటే పాట పాడుతున్నారు. ఎలక్ట్రిక్ స్మోకర్ కొనకు, అది పొగ వచ్చే ఓవెన్ తప్ప మరేం కాదు. ముందు బొగ్గుల డ్రమ్ము కొను, నిప్పు కాయడం నేర్చుకో, రాత్రంతా దాని పక్కన కూర్చో, నాలుగుసార్లు మాంసం మాడబెట్టుకో, అప్పుడు గానీ బార్బెక్యూ చేతికి రాదు. డాలస్ నుంచి సెలవులకు జనగామ వచ్చిన బావమరిది ఇదే అంటాడు. అతను ఫోన్‌లో చూపించే టోపీ పెట్టుకున్న టెక్సస్ పెద్దమనిషీ ఇదే అంటాడు. ఇంతమంది ఒకే మాట మీద ఉన్నారంటే నిజమే కాబోలని మహబూబాబాద్‌లోనో భూపాలపల్లిలోనో ఉన్న కుర్రవాడు నమ్మేస్తాడు. నమ్మనక్కర్లేదు. ఆ సలహా టెక్సస్‌లో సగం నిజం. మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు వచ్చేసరికి ఆ సగమూ నిలవదు.

మన టౌన్లలో బార్బెక్యూ పేరుతో అమ్మేది సీకుకు గుచ్చి నిప్పుల మీద కాల్చిన చికెన్. దాని వేడి 200 డిగ్రీల పైమాట, పని పావుగంటలో అయిపోతుంది. స్మోకర్ దారి వేరు. 100 నుంచి 120 డిగ్రీల వేడి, మూసిన పెట్టె, సన్నటి పొగ, గంటల తరబడి ఓపిక. ఎలక్ట్రిక్ స్మోకర్‌లో ఉండేది కూడా కొంచెమే: అడుగున 800 నుంచి 1500 వాట్ల కాయిల్, దాని మీద కట్టె ముక్కల ట్రే, ఆపైన నీళ్ళ గిన్నె, జాలీలు, వేడి ఎక్కువైతే కాయిల్‌ను ఆపి తగ్గితే మళ్ళీ వెలిగించే థర్మోస్టాట్. ఈ పెట్టెను చూసి బొగ్గు పక్షం వాళ్ళకు అంత కోపం ఎందుకో వాళ్ళ వాదనలు ఒక్కొక్కటే విప్పితే తెలుస్తుంది.

మొదటి వాదన: నిప్పు తెలియనిదే వంట తెలియదు. గ్యాసు పొయ్యి తప్ప మరొకటి ఎరగకుండా పెరిగిన అమెరికా కుర్రాడికి ఇది మంచి సలహానే. మన దగ్గర నిప్పు రానిది ఎవరికి? దసరా నాడు మటన్ దుకాణం పక్కన తలకాయ, కాళ్ళు కాల్చి ఇచ్చే మనిషిని చూడండి. వెంట్రుక పోవాలి, తోలు చిట్లకూడదు. ఆ మధ్య గీత మీద మంటను ఆడిస్తాడు. మేడారం జాతరకు బండి కట్టుకుని పోయిన ప్రతి కుటుంబం మూడు రాళ్ళు పేర్చి, దొరికిన కట్టెతో యాటకూర దించుకుని తింటుంది. పెళ్ళి వంటవాళ్ళు గాడి పొయ్యి తవ్వి వంద మందికి ఒకే సెగ మీద అన్నం వారుస్తారు. పెద్ద మంట మీద వండటంలో మనవాళ్ళకు టెక్సస్ వాళ్ళు చెప్పేదేమీ లేదు. మన చేతికి అలవాటు తప్పిపోయింది చిన్న వేడి.

తప్పిపోయింది అంటున్నాను, ఎన్నడూ లేదనడం లేదు. పాడి ఉన్న ఇళ్ళలో దాలిగుంట ఉండేది. పొద్దున్నే పిడకలు పేర్చి, నిప్పు వేసి, పాలకుండ కూర్చోబెట్టి, మూత పెట్టి ఎవరి పనికి వాళ్ళు పోయేవారు. మంట కనపడదు. పిడక లోలోపలే కాలుతుంది. సాయంత్రానికి పాలు ఎర్రబారి, మీద మీగడ అట్ట కట్టి, పొగ వాసన కుండ అడుగుదాకా దిగేది. ఆ పనితనం అంతా పిడకలు ఎన్ని పెట్టాలి, ఎంత ఆరినవి కావాలి, బూడిద ఎంత కప్పాలి అన్న అంచనాలో ఉంది. కాపలా కూర్చోవడంలో ఏమీ లేదు. అసలు కాపలా అక్కర్లేకుండా చేయడమే దాలిగుంట ఉద్దేశం. ‘పెట్టేసి మరిచిపోతే అది వంటెలా అవుతుంది’ అని ఎలక్ట్రిక్ పెట్టెను వెక్కిరించేవాళ్ళు ఆ లెక్కన మన అమ్మమ్మలు కాచిన పాలను కూడా పాలు కావనాలి. చిన్న వేడిని పట్టి ఉంచి మనిషిని వదిలేసే ఆ పద్ధతికి ఈ కరెంటు పెట్టె దగ్గరి చుట్టం. రాత్రంతా ఎగదోయాల్సిన బొగ్గు డ్రమ్ము దానికి చుట్టమే కాదు.

రాత్రంతా నిప్పు పక్కన కూర్చోవడం ఒక సాధన అనే మాట సెలవు రోజు మగవాళ్ళ మాట. కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టంతో ఊది ఊది కళ్ళు మండించుకున్న ఆడవాళ్ళకు అందులో ఏ సాధనా కనపడలేదు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం కింద గ్యాసు కనెక్షన్లు ఇచ్చినప్పుడు వాళ్ళు పొగ పోయిందని సంతోషించారు తప్ప రుచి పోయిందని బాధపడలేదు. పొగను అనుభవించి వదిలించుకున్న ఇంట్లోకే ఇప్పుడు దాన్ని వేడుకగా తెస్తున్నాం. తెచ్చేటప్పుడైనా ఒక చిన్న పెట్టెలో, డాబా మీద, చిమ్నీలోంచి సన్నగా పోయేంతే తేవడం మర్యాద.

రెండో వాదన: తప్పులు చేస్తేనే నేర్చుకుంటారు, నాలుగు మాంసాలు పాడైతే ఏమైంది? ఏమైందో మటన్ దుకాణం తక్కెడ చెబుతుంది. టెక్సస్‌లో కొత్తవాడికి అంటగట్టేది పంది భుజం. అక్కడ అది చవకైన మాంసం, పైగా కొవ్వుతో నిండి ఉంటుంది కాబట్టి గంట అటూ ఇటూ అయినా క్షమిస్తుంది. మన దగ్గర కిలో మటన్ 800కు తక్కువ లేదు. మేకలో కొవ్వు తక్కువ. వేడి కాసేపు 160కి ఎగబాకిందంటే ముక్క ఎండి చెక్కైపోతుంది. నేర్చుకోవడానికి ఒకసారికి ఒకటే మార్చి చూడాలి. ఈసారి ఉప్పు మార్చాను, వచ్చేసారి కట్టె మారుస్తాను, ఆ తర్వాత సమయం. బొగ్గు డ్రమ్ములో బొగ్గు, గాలి, మూత సందు, కట్టె తడి, మాంసం ఐదూ ఒకేసారి మారుతుంటాయి. కూర చెడితే దేనివల్ల చెడిందో చెప్పేవాడు ఉండడు. వేడిని పెట్టె తన మీద వేసుకుంటే మిగతావి మీకు పాఠాలవుతాయి.

అన్నట్టు, ఆ బొగ్గు ఎక్కడిది? అమెరికా పుస్తకాల పద్ధతులన్నీ ఒకే సైజులో అచ్చు పోసిన బ్రికెట్ల మీద నిలబడ్డాయి. ఇన్ని బ్రికెట్లకు ఇన్ని డిగ్రీలు, ఇన్ని గంటలు అని వాళ్ళు లెక్క చెప్పగలరు. మహబూబాబాద్ బజారులో దొరికేది ఇస్త్రీ బండ్ల వాళ్ళు కొనుక్కునే కట్టె బొగ్గు. బస్తా విప్పితే పిడికెడంత ముక్క ఒకటి, గోరంత ముక్కలు పది, మిగతాది పొడి. చిటపటలాడుతూ ఎగసి, అంతే వేగంగా చల్లారుతుంది. దాంతో ఆరు గంటలు 110 డిగ్రీలు నిలబెట్టడం చెయ్యి తిరిగిన వాడికే కష్టం. భూపాలపల్లిలో ఇంకో ప్రమాదం ఉంది. అక్కడ బొగ్గు తెమ్మని కుర్రాణ్ణి పంపితే సింగరేణి బొగ్గు పెళ్ళలు తెచ్చినా ఆశ్చర్యం లేదు. గంధకం, ఇంకా నానా ఖనిజాలు ఉన్న ఆ గని బొగ్గు పొగ మాంసానికి తగలనే కూడదు.

బొగ్గు మీద కాలితేనే అసలైనదని పట్టుబట్టేవాళ్ళకు ఒక ఓదార్పు కూడా ఉంది. భూపాలపల్లి పక్కన చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లతో కాల్చేది బొగ్గే. మీ కాయిల్ ఎర్రబడటానికి ఎక్కడో ఒకచోట బొగ్గు కాలుతూనే ఉంది. ఇది ఎగతాళికి అంటున్నదే అనుకోండి.

ఇక మూడోది, వాళ్ళు బ్రహ్మాస్త్రం అనుకునేది: ఎలక్ట్రిక్ పొగ పొగే కాదు, కోసి చూడు, అంచున గులాబీ రంగు వలయం ఉండదు. వలయం ఉండదు, నిజం. మంట నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ మాంసంలోని మయోగ్లోబిన్‌తో కలిసి ఆ ఎరుపును పట్టి ఉంచుతుంది. కాయిల్ మీద ఆ వాయువు తగినంత పుట్టదు. అయితే వలయానికి రుచి లేదు. అమెరికాలో పోటీలు నడిపే కాన్సాస్ సిటీ బార్బెక్యూ సొసైటీ వాళ్ళే దాన్ని చూసి మార్కులు వెయ్యొద్దని తీర్పరులకు చెబుతారు. పొగ రుచి వచ్చేది కట్టెలోని లిగ్నిన్ విరిగి పుట్టే గ్వయకాల్, సిరింగాల్ లాంటి పదార్థాల నుంచి. కట్టె వేడెక్కి రగిలితే చాలు, అవి పుడతాయి. దాన్ని వేడెక్కించింది బొగ్గా, తీగా అని లిగ్నిన్ అడగదు. అదే సొసైటీ పోటీల్లో గ్యాసు, కరెంటు వేడిని నిషేధించిన మాటా నిజమే. అది పోటీకి పెట్టుకున్న నియమం. మన దావత్‌కు తీర్పరులు రారు.

ఆరోగ్యం సంగతి బొగ్గు పక్షం ఎత్తదు కాబట్టి నేనే ఎత్తుతాను. కొవ్వు చుక్క నిప్పుల మీద పడి భగ్గుమన్నప్పుడు బెంజోపైరీన్ లాంటి విష పదార్థాలు పొగతో పైకి లేచి మాంసానికి అంటుకుంటాయి. యూరప్ దేశాలు పొగబెట్టిన మాంసంలో, చేపలో బెంజోపైరీన్ హద్దును 2014లో కిలోకు 5 మైక్రోగ్రాముల నుంచి 2కు తగ్గించాయి. ఆఫ్రికాలో చేపలు పొగబెట్టే ఆడవాళ్ళ కోసం ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సెనెగల్‌లోని థియారోయ్‌లో తయారు చేయించిన పొయ్యి కిటుకు కూడా ఇదే: కొవ్వును నిప్పు మీద పడనీయకుండా పట్టడం, ఉడికించే వేడిని, రుచి ఇచ్చే పొగను విడదీయడం. ఎలక్ట్రిక్ పెట్టెలో వేడి తీగది, పొగ కట్టెది, కొవ్వు పడేది నీళ్ళ గిన్నెలో. అందుకని ఇదేదో పథ్యం వంట అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చిన ప్రాసెస్ చేసిన మాంసంలో పొగబెట్టినదీ ఉంది. నెలకు ఒకటి రెండుసార్లు సరదాకు తినండి.

ఎలక్ట్రిక్ పెట్టెకు లోపాలు లేవని నేననను. మాంసం మీద నల్లటి కరకర పొర సరిగా కట్టదు, ఎందుకంటే లోపలి గాలి తడిగా, నిదానంగా ఉంటుంది. కోడి తోలు రబ్బరులా సాగుతుంది. అయితే మన చికెన్ సెంటర్లో సగం మంది అడిగేదే స్కిన్‌లెస్. లేని తోలు సాగదు. తోలు తీసిన ముక్క ఎండకుండా పెరుగో నూనెనో పట్టించుకుంటే చాలు. కట్టె ముక్కలు ట్రే నిండా కుక్కితే తెల్లటి చిక్కని పొగ లేచి మాంసం చేదెక్కుతుంది. ఈ ఫిర్యాదు చేసేవాళ్ళు మాత్రం సరిగ్గానే చెప్పారు. ఒక్క గుప్పెడు వేసి, పైన గాలి సందు తెరిచి ఉంచాలి. ఇంక కరెంటు. గాలివాన వచ్చిందంటే మన దగ్గర సరఫరాకు నమ్మకం లేదు. అరగంట, ముప్పావు గంట పోతే తలుపు తీయకుండా ఉంటే చాలు, పెట్టె గోడలు వేడిని పట్టి ఉంచుతాయి. ఎక్కువసేపు పోతే మాంసాన్ని గ్యాసు మీదికి మార్చండి. ఫ్రిజ్‌లోంచి తీసిన మాంసం లోపలి వేడి నాలుగు గంటల్లో 60 డిగ్రీలు దాటాలన్నది మరవకూడని లెక్క. అంతకన్నా ఆలస్యమైతే అందులో సూక్ష్మజీవుల సంత మొదలవుతుంది. ఇదే కారణంతో 30 డిగ్రీల లోపు చల్లటి పొగలో పచ్చి చేపను ఉంచే విద్య జోలికి కొత్తవాళ్ళు పోవద్దు. మే నెల మన ఎండలో పెట్టె ఆపేసి ఉన్నా లోపల 40 దాటి ఉంటుంది.

ఇంతసేపు బొగ్గు వాళ్ళతో పోట్లాడాను కదా అని అమ్మేవాళ్ళ పక్షాన ఉన్నానని అనుకోవద్దు. వాళ్ళు కొత్తవాడికి అంటగట్టేవి గాజు తలుపు, వైఫై, ఫోన్ యాప్. గాజు రెండో వాడకానికే నల్లబడుతుంది. డాబా మీద ఉన్న పెట్టెను ఫోన్‌లో చూసుకునేంత దూరాలు మన ఇళ్ళల్లో లేవు. ఎలక్ట్రానిక్ బోర్డు పోతే జనగామలో బాగుచేసేవాడు దొరకడు. గుండ్రంగా తిప్పే మామూలు థర్మోస్టాట్ పోతే గీజర్లు బాగుచేసే మనిషి ఏదో ఒకటి చూస్తాడు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. గోడల మధ్య ఇన్సులేషన్ ఉందా? తలుపు తెరవకుండా బయటి నుంచి కట్టె ముక్కలు వేసే వీలుందా? కాయిల్ విడిగా ఊడదీసి మార్చుకోవచ్చా? తలుపు చుట్టూ సీలు గట్టిదా? నలుగురి ఇంటికి రెండు మూడు జాలీల పెట్టె చాలు. డయల్ మీది అంకెను నమ్మకుండా మాంసంలోకి గుచ్చే థర్మామీటర్ ఒకటి విడిగా కొనుక్కోండి. పెట్టె ధరలో తగ్గించుకున్నా సరే, అందులో తగ్గించుకోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం వోల్టేజీ. అమెరికాలో తక్కువకు వస్తుందని బావమరిది చేత సూట్‌కేసులో తెప్పించుకునే ఆలోచన ఉంటే మానుకోండి. అక్కడి పెట్టె 120 వోల్టులకు చేసింది. మన 230 వోల్టుల్లో పెడితే 800 వాట్ల కాయిల్ దాదాపు 2,900 వాట్లు లాగి క్షణంలో కాలిపోతుంది. దానికి ట్రాన్స్‌ఫార్మర్ కొని తగిలిస్తే మిగిలిందనుకున్న డబ్బు అక్కడికే పోతుంది. 16 ఆంపియర్ల సాకెట్‌లో, సరైన ఎర్తింగ్‌తో పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు, ఇన్వర్టర్ మీద అసలే వద్దు. రగిలే కట్టె కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది కాబట్టి గదిలో, మూసిన బాల్కనీలో పెట్టకండి. డాబా మీద పందిరి కిందే దాని చోటు. కరెంటు బిల్లుకు భయపడేదేం లేదు. 800 వాట్ల కాయిల్ ఆగుతూ వెలుగుతూ ఆరు గంటలు నడిస్తే రెండున్నర, మూడు యూనిట్లు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల జీరో బిల్లు వచ్చే ఇల్లైతే మాత్రం నెలాఖరున మీటరు ఒకసారి చూసుకుని పెట్టెను వెలిగించండి. 200 దాటితే మొత్తం బిల్లు మీ మీదే.

కట్టె గురించి నాకు అసలు కోపం. మెస్కీట్ అని పేరు రాసిన గుప్పెడు ముక్కలను సముద్రాలు దాటించి తెప్పించుకుంటున్నారు. టెక్సస్ వాళ్ళ మెస్కీట్, మన చెరువు కట్టల మీద, రైలు పట్టాల పక్కన అడ్డదిడ్డంగా పెరిగి రైతులను ఏడిపించే సర్కారు తుమ్మ, రెండూ ప్రొసోపిస్ జాతి చెట్లే. జనగామ చుట్టూ ఎవరినడిగినా ఊరికే కొట్టుకుపొమ్మంటారు. ముల్లు, బెరడు తీసేసి, బొటనవేలి గోరంత ముక్కలు చేసి, నెలల తరబడి ఆరబెట్టండి. వాసన ఘాటు, కొంచెమే వేయాలి. మెత్తటి పొగ కావాలంటే జామ, మామిడి కొమ్మలున్నాయి. వడ్రంగి దుకాణంలో ఊడ్చిన పొట్టు మాత్రం వాడొద్దు. అందులో ప్లైవుడ్ జిగురు కలిసి ఉంటుంది. గన్నేరు విషం, దాని దగ్గరికే పోవద్దు. ముక్కలను నీళ్ళలో నానబెట్టమనే సలహా కూడా ఉత్తిదే. ఆ నీళ్ళు ఆవిరయ్యేదాకా పొగ రాదు, అంతే.

మొదటిరోజే యాట భుజం ఎక్కించకండి. నేనైతే మాంసంతోనే మొదలుపెట్టను. భూపాలపల్లి, వరంగల్ చేలలో పండే చపాట మిర్చి ఉంది. ఈమధ్యే భౌగోళిక గుర్తింపు దక్కిన, కారం తక్కువ, ఎరుపు ఎక్కువ ఉన్న ఈ టమాట మిర్చి స్పెయిన్ వాళ్ళు ఓక్ కట్టె పొగలో ఎండబెట్టి పొడిచేసే మిరపకు తీసిపోదు. సగం ఎండిన కాయలను జాలీ మీద పరిచి, పెట్టె ఎంత తగ్గితే అంత తగ్గించి, రెండు గంటలు జామ పొగ పెట్టి, మిగతా తడిని ఎండలో ఆరబెట్టి పొడి కొట్టండి. చెడినా పోయేది పిడికెడు మిర్చి. ఆ తర్వాత కోడి కాళ్ళు. 120 డిగ్రీల మీద రెండు మూడు గంటలు, లోపలి వేడి 74 దాటేదాకా. ఆ తర్వాత గణపురం చెరువుదో బయ్యారం చెరువుదో కొర్రమీను, గంటసేపు ఉప్పునీళ్ళలో ఉంచి, తడి తుడిచి, 90 డిగ్రీల మీద.

మటన్ వంతు ఆ తర్వాతే. లోపలి వేడి 65, 70 డిగ్రీల దగ్గర గంటల తరబడి కదలకపోతే పెట్టె చెడిందని భయపడకండి. మాంసం చెమట ఆవిరై దాన్ని చల్లబరుస్తోందని అమెరికా భౌతిక శాస్త్రవేత్త గ్రెగ్ బ్లాండర్ ప్రయోగాలు చేసి చూపించాడు. అక్కడ ఓపిక పట్టలేకపోతే ఒక అడ్డదారి ఉంది, బొగ్గు పక్షం దీనికి నన్ను వెలివేస్తుంది. తడి ఆరని తొలి గంటల్లోనే పొగ బాగా పడుతుంది. మూడు గంటలు పొగ పట్టించిన భుజాన్ని ఉల్లిగడ్డ, కొంచెం నీళ్ళతో కుక్కర్‌లో వేసి, సన్న సెగ మీద బొక్క ఊడేదాకా ఉంచి, ఆ రసంలోనే చేత్తో విడదీసి వడ్డించండి.